వారెట్లున్నారని యడుగువారికి

"వారెట్లా ఉన్నారు?" అను ప్రశ్నను నేను ఒక్క దినమున 43 సార్లు వింటిని. ఆనాడు ఫోను మ్రోగినప్పుడెల్ల గోడమీది క్యాలెండరు వెనుక ఒక్కొక్క గీత గీచితిని గనుక లెక్క నాకు తెలియును. అడిగినవారందరును మాయందు ప్రేమగలవారే. అందరికిని నేను చెప్పిన సమాధానమును ఒక్కటే: "కులాసాగానే ఉన్నారండీ, దేవుడి దయ."

ఆ సమాధానము అబద్ధము. దానివలన మా యింట ఎట్టి కష్టము కలిగెనో, దానిని దిద్దుకొనుటకు మేమే దారి పట్టితిమో సోదరీమణులకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఇట్టి జబ్బు ఎవరి యింటను రాకుండుటయే నేను కోరునది. వచ్చినచో మాత్రము, జబ్బుపడినవారికి సేవచేయుట ఒక పనియైనట్లే, వారినిగూర్చి పదిమందికి కబురు చెప్పుటయు ఒక పనియే యగును. ఆ పని సాధారణముగా ఆడువారి పాలనే పడును.

మాది రాజమహేంద్రవరము. మావారు 34 యేండ్లు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి విశ్రాంతి తీసికొనిరి. తెల్లవారుజామున నలుగురు మిత్రులతో గోదావరి గట్టుమీద నడచుట, వచ్చి పత్రిక చదువుట, సాయంకాలము వీధిలోని పిల్లలను అరుగుమీద కూర్చుండబెట్టి ఎక్కములు వల్లెవేయించుట వారి దినచర్య. కిందటి కార్తిక మాసములో ఒకనాటి యుదయమున నేను కాఫీ గ్లాసు అందింపగా అది వారి కుడిచేతినుండి జారి క్రింద పడినది. "కాస్త చూసుకోకూడదూ?" అని విసుగుకొంటిని. ఆ మాట నన్ను ఇప్పటికిని బాధించుచునే యున్నది. వారు నావంక చూచి ఏమో చెప్పబోయిరి. ధ్వని వచ్చినదిగాని మాట రాలేదు. మూతి ఎడమవైపునకు లాగికొనిపోయి యుండెను.

పొరుగింటి పిన్నిగారు పరుగున వచ్చి, వాతము చేసినదనియు, నిమ్మరసము త్రాగించి పరుండబెట్టిన తగ్గుననియు చెప్పిరి. పాపము, ఆమెకు తెలిసినది ఆమె చెప్పినది. నేనును గ్లాసు చేతబట్టుకొంటిని. ఇంతలో హైదరాబాదునుండి మా యమ్మాయి ఫోనులో సంగతి విని, "అమ్మా, నోట్లో చుక్క నీళ్లు కూడా పొయ్యకు, ముందు 108కి ఫోను చెయ్యి" అని కేకవేసినది. 2005లో మనవైపున ఆరంభమైన ఆ వాహనము ఎందరి యిండ్లముందు ఆగుట చూచితినో గాని మా గుమ్మములో ఆగుట అదే మొదటిసారి.

ఆసుపత్రిలో నన్ను మొట్టమొదట అడిగినది పేరు కాదు, ఊరు కాదు. "వీరు మామూలుగా ఉండగా మీరు చివరిసారి ఎన్ని గంటలకు చూశారు?" అని యడిగిరి. పాలవానికి చిల్లర లెక్కించి యిచ్చినది వారే. అప్పుడు 6 గంటల 10 నిమిషములు. ఆ సంగతి నాకు జ్ఞాపకముండుట మా యదృష్టము. పక్షవాతములో ఎక్కువభాగము మెదడులోని రక్తనాళమునకు గడ్డ అడ్డుపడుటవలన వచ్చును. ఆ గడ్డను కరగించు మందు ఉన్నది గాని దానిని నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. కొందరికి నాళము చిట్లి మెదడులో రక్తము కారుటవలన అదే జబ్బు వచ్చును. వారికా మందు నిచ్చినచో ప్రాణాపాయము. పైకి చూచి ఇది గడ్డయో, రక్తస్రావమో ఎంతటి వైద్యుడును చెప్పజాలడు. సి.టి. స్కాను తీసిననే తెలియును. పెద్దనాళములో గడ్డ యున్నచో తొడవద్ద నాళములోనుండి సన్నని గొట్టమును పంపి దానిని లాగివేయు పద్ధతియు ఇప్పుడు వచ్చినది. కొందరి విషయమున 24 గంటలవరకును అది సాధ్యమట. మావారికి గడ్డయే. మందు వేళకు పడినది. ప్రాణము దక్కినది. కాని కుడికాలిలో సగము బలము, కుడిచేతిలో బలమంతయు, మాట దాదాపుగా అంతయు పోయినవి.

మాట పోవుటయన, నాలుక పడిపోవుట యని నేననుకొంటిని. అది కాదట. చాలమందికి మాట పుట్టుచోటు మెదడులో ఎడమభాగమున నుండును. కుడిచేతిని, కుడికాలిని నడిపించునదియు ఆ భాగమే. అందుచేత కుడివైపు పడినవారిలో పలువురికి మాటయు పోవును. 1861లో పారిసు నగరమున బ్రోకా అను వైద్యుడు ఈ సంగతిని లోకమునకు చూపెను. ఆయన చూచిన రోగి ఏండ్లతరబడి "టాన్" అను ఒక్క శబ్దము తప్ప మరేమియు పలుకలేకపోయెనట. చనిపోయిన పిమ్మట పరీక్షింపగా మెదడు ఎడమభాగమున, ముందువైపున గాయము కానవచ్చెను. మావారికి మిగిలిన మాట "అదే". ఆకలియైన "అదే", దీపమార్పుమనుటకు "అదే", నామీద కోపమువచ్చిన "అదే! అదే!" ఐనను మనము చెప్పునది వారికి తెలియుచునే యుండెను. ఈ సంగతిని వైద్యులు నాకు చెప్పిరి. నేను విని తలయూపితిని. నమ్మితినని మాత్రము చెప్పజాలను.

పదునొకండవనాడు ఇంటికి వచ్చితిమి. ఫోనుల తాకిడి ఆరంభమైనది. "కులాసా" యని నేనెందుకు చెప్పితినని తరువాత ఆలోచించితిని. మన పెద్దలు ఉత్తరము మొదలుపెట్టినచో "ఇచ్చట మేమందరము క్షేమము" అని వ్రాయనిదే కలము ముందుకు నడువదు. ఆ వాక్యము లేని ఉత్తరము చేతికందినచో ఇల్లాలికి గుండె జారెడిది. ఇక తంతి వచ్చినచో విప్పకముందే ఏడ్పు మొదలు. 2013లో ఆ తంతి కాస్త ఆగిపోయినదిగాని ఆ భయము మనలో పోలేదు. చెడ్డకబురు నోట పలికిన అది నిజమగునేమో యని మనకొక జంకు. నాకును అంతే.

ఒకనాటి సాయంకాలము గట్టుమీది మిత్రులలో ఒకరు, పోస్టుమాస్టరు పని చేసి మానినవారు, మావారిని చూడవచ్చిరి. అంతకు రెండుదినములముందు ఫోనులో వారికి నేను చెప్పినది కులాసాయనియే. వారు నవ్వుచు లోపలికి వచ్చి, "ఏం మాష్టారూ, ఎల్లుండినుంచి గట్టుమీదికి వస్తున్నట్టేనా?" అని బిగ్గరగా పలుకరించిరి. మావారు పెదవులు కదల్చి, చెమటలు పట్టునంత యవస్థపడి, "అదే... అదే..." అనిరి. వచ్చినవారి మొగము తెల్లబోయినది. ఒక నిమిషమూరకుండి, మంచముప్రక్కనే నిలువబడి, నావైపు తిరిగి, "మనుషుల్ని గుర్తుపడుతున్నారా, అమ్మా?" అని యడిగిరి.

మావారు మెల్లగా గోడవైపు మొగము త్రిప్పుకొనిరి.

ఆ పిమ్మట మూడువారములు ఎవరు వచ్చినను లోనికి రానీయలేదు. ఎడమచేయి ఆడించి తలుపు వేయుమని సంజ్ఞచేసెడివారు. వచ్చిన ఆ పెద్దమనిషి దోషమేమియు లేదు. నేను నిజము చెప్పియుండిన, వారు దానికి తగినట్లుగా సిద్ధపడి వచ్చియుందురు. నా "కులాసా" ఆయనను మోసగించినది, మావారిని అవమానించినది.

మా యమ్మాయి ఒక యుపాయము చెప్పినది: "రోజూ నలభైమందికి నోటితో చెప్పడమెందుకమ్మా? ఆదివారం ఒక ఉత్తరం రాయి. నేను అందరి ఫోన్లకీ పంపిస్తాను." సరే యని కాగితము తీసికొని వ్రాసితిని. ఆమెకు ఫోనులో చదివి వినిపించుచుంటిని. వారు మంచముమీద కన్నులు మూసికొని యుండిరి. నేను వ్రాసినదానిలో "పసిబిడ్డవలె నేనే తినిపించుచున్నాను" అను వాక్యమొకటి యున్నది. అది చదువగానే మంచముపట్టెమీద ఠక్కున చప్పుడైనది. చూచితినిగదా, వారు కన్నులు తెరచి కాగితము నిమ్మని చేయి చాచినారు. పెన్సిలు ఎడమచేతబట్టుకొని, వణకుచు, వెదకి వెదకి, "పసిబిడ్డవలె" అను మాటమీద అడ్డముగా ఒక గీత గీచిరి. మిగిలినదానిని ముట్టుకొనలేదు. 34 యేండ్లు పరీక్షకాగితములు దిద్దిన చేయి కాదది, రెండవచేయి. ఐనను గీత మాత్రము ఆ మాటనే కొట్టివేసినది, ప్రక్కమాటను తాకలేదు.

వైద్యులు చెప్పినప్పుడు నమ్మనిది అప్పుడు నమ్మితిని. ఆనాటినుండి మా యింటినుండి పోవు ప్రతి లేఖయు ముందు వారికి చదివి వినిపింపబడుచున్నది. వారు ఊ యన్నదే పోవును. మొదటి లేఖ ఇంత చిన్నది:

"మావారికి కుడికాలు, చేయి, మాట దెబ్బతిన్నవి. మీరు చెప్పునది వారికి పూర్తిగా తెలియును. జవాబు చెప్పలేరు. అన్నము మెత్తగా చేసి నేను తినిపించుచున్నాను. ఈ వారము ఇద్దరు పట్టుకొనగా నాలుగడుగులు వేసిరి. వచ్చే ఆదివారము మరల వ్రాసెదను. నడుమ ఫోను చేయకుందురని ప్రార్థన."

ఫోనులు మరునాటినుండి సగమునకు సగము తగ్గినవి. ఇక రాకపోకలనుగూర్చి వ్రాయవలసి వచ్చినది. ఒకరు ఒకసారి వచ్చి పదునైదు నిమిషములకు మించి యుండవలదని వ్రాసితిని. వారికి కుడివైపున చూపు కొంత తగ్గినది గనుక ఎడమప్రక్క కుర్చీలో కూర్చుండవలెను. వారికి చెవుడు లేదు, కేకవేయ నక్కరలేదు. అవును, కాదు అని తలయూచిన సరిపోవునట్టి ప్రశ్న ఒక్కొక్కటిగా అడిగి, జవాబు వచ్చువరకు కాచుకొనవలెను. ఈ కాచుకొనుట మనవారికి మిక్కిలి కష్టము. ఎదుటివారు మాటకొరకు తడువుకొనుచుండగా మన నోరు ఊరకుండదు. మాటను మనమే పూర్తిచేసి సహాయము చేసితిమనుకొందుము. అందరికంటె ఎక్కువగా ఈ తప్పు చేయునది నేనే.

లేపి కూర్చుండబెట్టునప్పుడు చేయిపట్టి లాగరాదనుటను మాత్రము రెండు లేఖలలో వ్రాసితిని. పట్టుతప్పిన భుజము కీలు అట్లు లాగినచో జారిపోవును. ఆ నొప్పి నెలలతరబడి వదలదు. మా బంధువొకరు ప్రేమతోనే పట్టి లేవనెత్తబోగా మావారు పెట్టిన కేక వీధివరకు వినబడినది. నడుముచుట్టు చేయివేసి లేపవలెను. కూర్చున్నప్పుడు ఆ చేతిక్రింద దిండు ఉంచవలెను.

తినుబండారములతో వచ్చిన చిక్కు వేరు. చేతులూపుకొనుచు జబ్బువారింటికి పోవుట మన మర్యాద కాదు గదా! కొబ్బరినీళ్లు, పండ్లరసములు, బొబ్బట్లు వచ్చిపడెడివి. ఈ జబ్బులో మ్రింగుట తిన్నగా సాగదు. గొంతులో దిగవలసినది ఊపిరితిత్తులలోనికి దిగినచో జ్వరము, ఆయాసము వచ్చి మూలజబ్బుకంటె అదే ఎక్కువ అపాయము కావచ్చును. విచిత్రమేమనగా గట్టివస్తువులకన్న పలుచని నీళ్లే ఎక్కువ మోసము చేయును. అవి వేగముగా జారిపోవును. అందుచేతనే ఆనాడు మా యమ్మాయి చుక్క నీళ్లు వలదన్నది. మ్రింగుటను పరీక్షించిన పిమ్మట వారికి చిక్కని రాగిజావ, పెరుగు కలిపి మెదిపిన అన్నము, మెత్తని పప్పు పెట్టవచ్చుననిరి. అదియు నిటారుగా కూర్చుండబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద దిగిన తరువాతనే ఇంకొకటి. తిన్నవెంటనే పరుండరాదు. ఇది వ్రాసిన తరువాత కొబ్బరినీళ్లు ఆగినవి. వైశాఖములో కొత్తావకాయ మాత్రము మూడు జాడీలు వచ్చినది! ఈ జబ్బునకు అన్నింటికంటె పెద్దకారణము రక్తపుపోటు. పోటునకు ఉప్పు స్నేహితుడు. దినమునకు మనిషికి 5 గ్రాములకంటె తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. అది ఒక చిన్న చెంచాడు. మనము ఊరగాయ ఒక్కదానితోనే ఎంత దూరము పోవుదుమో చెప్పనక్కరలేదు. జాడీలు పంచిపెట్టితిని. ఒకటి దాచుకొంటిని, నేనును మనిషినే.

పావురముల సంగతి చెప్పక తప్పదు. పావురపు రక్తము పూసి మర్దించిన పడిన చేయి లేచునని నాతో చెప్పినవారు ముగ్గురు. నాలుగవవారు చెప్పనేలేదు, తట్టలో రెండు పావురములనే తెచ్చిరి. జబ్బు చేతిలో లేదు, మెదడులో నున్నది. తోలుమీద ఏ రక్తము పూసినను అచ్చటికి చేరదు. వైద్యులీ మాట చెప్పిరని లేఖలో వ్రాసితిని. మావారు ఆ వాక్యముప్రక్కన పెన్సిలుతో "సరి" గుర్తు వేసిరి. పావురములను పిల్లలు డాబామీదినుండి ఎగురవేసిరి.

కష్టమైన లేఖ ఆరవది. వారు ఊరక ఏడ్చుచుండిరి. వార్తలు వినుచు ఏడ్పు. మనుమరాలి ఫోటో చూచి ఏడ్పు. ఒక్కొక్కప్పుడు నవ్వరానిచోట నవ్వు. ఇది మెదడు దెబ్బతినుటవలన పట్టుతప్పి వచ్చునదియు కావచ్చును, నిజమైన దిగులును కావచ్చునని వైద్యులనిరి. ఈ జబ్బు చేసినవారిలో ఇంచుమించు మూడింట ఒకవంతు మందికి అట్టి దిగులు పట్టుననియు, దానికిని మందు కలదనియు చెప్పి మందిచ్చిరి. దీనిని మిత్రులకు వ్రాయవచ్చునా? నేను వలదనుకొంటిని. వారినే యడిగితిని. చాలసేపు కిటికీవంక చూచి, తరువాత తల నిలువుగా ఊచిరి. వ్రాసితిని. ఆ వారము వచ్చిన పోస్టుమాస్టరుగారు, వీరి కన్నులు చెమర్చగానే కంగారుపడక, చేతిరుమాలు తీసి యిచ్చి, గట్టుమీద మునిసిపాలిటీవారు వేసిన కొత్త బెంచీలనుగూర్చి చెప్పుచునే పోయిరి. ఆయన మరల వచ్చునట్లు తలుపు తెరువబడినది ఆ లేఖవలననే.

వ్రాయనివియు నున్నవి. స్నానము, బట్టలు, రాత్రివేళ పడు ఇక్కట్లు ఇవి యెవరికిని వ్రాయలేదు. అడిగినవారున్నారు. "అన్నీ మంచంమీదేనా?" యని సభలోవలె అడిగిన యొకామెకు నేను జవాబు చెప్పలేదు. ఒక మనుష్యుడు మంచమెక్కినంతమాత్రమున అతని చాటు పదిమంది సొత్తు కాదు.

నాకు సంబంధించిన వాక్యమొకటి మా యమ్మాయి బలవంతముమీద చేర్చితిని. "ఏదైనా సాయం కావాలంటే చెప్పండి వదినగారూ" అని అందరును అనెడివారు. నేను "ఏమీ వద్దండీ" యనెడిదానను. ఎనిమిదవ లేఖలో ఇట్లు వ్రాసితిని: "గురువారము పగలు 10 గంటలకు ఎవరైన వచ్చి వారివద్ద ఒక గంట కూర్చుండినచో నేను నిద్రపోయెదను." సిగ్గుతో చచ్చినంత పనియైనది. నలుగురు వత్తుమనిరి. వంతులు వేసికొని నేటికిని వచ్చుచున్నారు. కరెంటుబిల్లు కట్టుట, మందులు తెచ్చుట వీధి చివరి కుర్రవాడొకడు తనంత తానుగా మీద వేసికొన్నాడు. ఇన్నాళ్లు వీరందరును సహాయము చేయగోరియే యుండిరి. ఏమి చేయవలెనో నేను చెప్పలేదు, వారికి తెలియలేదు.

మాఘమాసములో ఒక సాయంకాలము అరుగుమీద ఎదురింటి పిల్లవాడు పదునారవ ఎక్కము చదువుచు "పదహారు ఏళ్లు" అని ఆగి, "నూటరెండు" అనెను. లోపలి గదినుండి "నూటపన్నెండు" అని వినబడినది! నేను వంటయింటినుండి పరుగెత్తితిని. వారు నావలెనే ఆశ్చర్యపడి కూర్చుండియున్నారు. పిల్లవానిని పిలిచి మొదటినుండి చెప్పించితిమి. వారును వానితోపాటు పదుల వరకు తడబడక చెప్పిరి. "మంచినీళ్లు" అనుమంటే మరల "అదే".

మాట నేర్పవచ్చునామె ఇది వింత కాదనినది. బాల్యమున వల్లెవేసిన ఎక్కములు, వారముల పేర్లు, పాడుకొన్న పాటలు మాట్లాడు మాటవలె అప్పటికప్పుడు కూర్చుకొనునవి కావు. అవి వేరుదారిని వచ్చునట. పాటలో మెదడు కుడిభాగమునకును పాలున్నదట. 1973లో అమెరికాలోని బోస్టను వైద్యులు, చిన్నచిన్న మాటలను రాగముతో పలికించి క్రమముగా రాగమును తీసివేయు శిక్షణ నొకటి ప్రకటించిరి. ఆ విధముగనే ఆమె మావారిచేత "నీ-ళ్లు-కా-వా-లి" అని తొడమీద తాళము వేయించుచు అనిపించుచున్నది. రెండునెలలకు "నీళ్లు" వచ్చినది.

ఎక్కము సంగతి మాత్రము లేఖకంటె ముందే వీధి దాటినది. "మాష్టారికి మాటొచ్చేసిందట!" అని ఫోనులు. చెడ్డకబురును దాచుట ఎంత తప్పో, మంచికబురును పెంచుటయు అంతే తప్పు. ఆ మాట నమ్మి వచ్చినవారు మరల "అదే" విని వారిముందే నీరసపడుదురు. కనుక ఆ వారపు లేఖలో "ఎక్కములు చెప్పుచున్నారు. మాట రాలేదు" అని రెండే వాక్యములు వ్రాసితిమి.

ఇప్పటికి ఏడునెలలు. ఈ జబ్బులో బాగుపడుట మొదటి మూడునెలలలో వేగముగాను, తరువాత నెమ్మదిగాను సాగును. మాటమాత్రము ఏండ్ల తరువాతగూడ కొద్దికొద్దిగా మెరుగు కావచ్చునందురు. చేతికర్రతో వీధి చివరి వేపచెట్టువరకు నడచుచున్నారు. మాటలు 20 వరకు లెక్కకు వచ్చినవి. నా పేరు అందులో లేదు, కాఫీ ఉన్నది. చేయి రాలేదు. పోయిన ఆదివారము ఈ చివరివాక్యమును నేను వదలిపెట్టి చదివితిని. వారు కాగితమును త్రిప్పి చూచి, క్రింద ఖాళీగా ఉన్నచోట పెన్సిలుతో పొడిచి, తమ కుడిచేతిని ఎడమచేత ఎత్తి చూపిరి. "రాయమంటారా?" అనగా "అదే" యనిరి.

"కుడిచేయి ఇంకను రాలేదు" అని వ్రాసి పంపితిమి. నేడు ఆదివారము. వారు భోజనముచేసి కుర్చీలో కూర్చున్నారు. కాగితము సిద్ధముగానే యున్నదిగాని పెన్సిలు మొన విరిగినది. నేను చెక్కి యిచ్చువరకు కాచుకొని యున్నారు.